అక్క బండలో నా అప్పడాలు

మనుషుల చేతిలో మోసపోయినవాళ్ళు లోకంలో కోకొల్లలు. బండరాయి చేతిలో మోసపోయినవాళ్ళు ఎందరుంటారో తెలియదు గానీ, నేనొకదాన్ని ఉన్నాను. నోరు లేదు, కాళ్ళు లేవు, ఎక్కడికీ పారిపోదు, ఒక్క అబద్ధమైనా చెప్పదు. అలాంటి జడపదార్థం నన్ను రెండుసార్లు వెర్రిదాన్ని చేసింది. మొదటిసారి లేనిది చూపించింది, రెండోసారి ఉన్నది దాచిపెట్టింది. ఆ రెంటి నడుమ మా అక్క ఇల్లు కూలబోయింది. కట్టకముందే కూలబోయిన ఇల్లు పెనుకొండ మొత్తానికి అదొక్కటే అయ్యుండాలి.

నా పేరు శైలజ. మా నాయనకు హిందూపురంలో బెల్లం, చింతపండు అంగడి. పేరు పెట్టేటప్పుడు ఆయన పార్వతీదేవిని తలుచుకున్నాడు. నేను మాత్రం పెద్దయ్యాక ఆ పేరులోని కొండను పట్టుకుని భూగర్భశాస్త్రంలోకి దిగిపోయాను. అప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడు. ఆ ఈడులో, ఆ చదువులో ఉన్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. కొత్తగా నేర్చుకున్న పాఠాన్ని ఎవరో ఒకరి మీద ప్రయోగించేదాకా అన్నం సయించదు. డాక్టరు చదివే పిల్లలైతే సెలవులకొచ్చి చుట్టాల నాడి పట్టుకుంటారు. మా చదువుకు నాడి ఉన్నవి దొరకవు కాబట్టి బండల్ని పట్టుకుంటాం.

ఆ ఏడు నన్ను పట్టిన పాఠం ఇది. రాతి లోపల పగుళ్ళు ఎట్లా ఉన్నాయో కంటికి కనబడదు. పైన కనబడేవి గీతలు మాత్రమే. కానీ ఒక్కొక్క గీత, లోపలికి దిగిన ఒక్కొక్క పగులుకు అంచు. బెల్లం దిమ్మె మీద సన్నగీత చూసి అది లోపలికి ఎంత దూరం పోయిందో ఊహించడం లాంటిదే ఇది. గీతల పొడవెంత, ఏ దిక్కుకు వాలాయి, అడ్డంగా దారం లాగి పట్టుకుంటే ఎన్ని గీతలు దాన్ని దాటుతున్నాయి, ఇవన్నీ కొలిచి లెక్క కడితే లోపలి పగుళ్ళు ఎంత పెద్దవో, ఎంత దట్టంగా ఉన్నాయో అంచనాకు అందుతుంది. చదునును చూసి లోతు చెప్పడమన్నమాట. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళదీ ఇదే వృత్తి. కాకపోతే వాళ్ళు తెలివైనవాళ్ళు, తప్పు బయటపడేనాటికి వేరే ఊళ్ళో ఉంటారు. నేను అక్క ఇంట్లోనే ఉన్నాను.

అక్కది ధర్మవరంలో అద్దె ఇల్లు. దాని వంటింటికి ఒకటే కిటికీ, అది పక్కింటి మగ్గాల గదిలోకి తెరుచుకుంటుంది. అక్క తిరగమోత వేస్తే పట్టుచీరలకు ఇంగువ వాసన పడుతుందని వాళ్ళ గోల. మగ్గం మోతలో కుక్కర్ కూతలు వినబడక పప్పు మాడుతోందని అక్క గోల. తూర్పుకు కిటికీ ఉన్న సొంత వంటిల్లు, ఇదొక్కటే ఆమె కోరిక. అడ్డం మాత్రం బావ.

బావ బంగారం లాంటి మనిషి. కానీ భయస్తుడు. మబ్బు లేకపోయినా గొడుగు పట్టుకుపోతాడు, మబ్బుంటే సెలవు పెడతాడు. పెనుకొండలో ఆయన ఉద్యోగం, రోజూ రైల్లో పోయి రావడం. రైలు కదిలాక ఎక్కిన పాపాన ఎన్నడూ పోలేదు; ప్లాట్‌ఫారం మీద రైలుకంటే ముందు పుట్టినట్టుంటాడు. అలాంటి మనిషిని గీకి, గోకి, అలిగి, ఏడ్చి, అక్క పెనుకొండ ఊరి చివర స్థలం కొనిపించింది. స్థలంలో సగం ఒకే చదును బండ. "బండ మీదే కట్టుకోండి, పునాది తవ్వే పనే లేదు," అన్నాడు ఇంజనీరు. బావ ఆలోచించి, ఆలోచించి, చివరికి సరే అన్నాడు.

అక్క వెంటనే నాకు ఫోను చేసింది. "శైలా, మీ బావ సరే అన్నాడే! మనసు తిరక్కముందే గోడలు లేపల్ల. నువ్వు రా, కానీ ఏం మాట్లాడొద్దు."

నేను వెళ్ళాను. దారం తీసుకుని వెళ్ళాను.

బండ దగ్గర బావ, అక్క, అంజినప్ప మేస్త్రి ఉన్నారు. ఈ అంజినప్ప గురించి ఒక్క మాట. ఎవరు ఏమన్నా "అవును, నేనూ అదే అనుకొంటి" అనే గుణం ఆయనది. ఎండగా ఉందంటే అవును, చల్లగా ఉందంటే అవును. ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఇద్దరికీ అవునని, ఇద్దరి చేతా టీ తాగగలడు.

నేను బండ చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకున్నాను. "బావా, దీని లోపల ఎట్లుందో చూపించినారా?"

బావ ముఖంలో రంగు అప్పుడే సగం దిగిపోయింది. "లోపలా? లోపల ఏముంటాది పాపా? రాయే కదా?"

"రాయి లోపల పగుళ్ళు ఉండొచ్చు బావా."

"సుమ్మనుండే, నోరు ముయ్యి!" అంది అక్క పళ్ళ సందుల్లోంచి.

"ఉండు సుజాతా, చెప్పనీ. చదువుకున్న పిల్ల," అన్నాడు బావ. చదువుకున్న పిల్లకు అంతకన్నా ఏం కావాలి? కూర్చుని దారం విప్పాను.

బండ మీద ఎన్నేళ్ళదో మట్టి అట్టకట్టి ఉంది. అక్కడక్కడా పాచి ఎండి నల్లగా పేరుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చెనిక్కాయలు ఎండబోసుకునే చోట మాత్రం రాయి బయటపడి ఉంది. ఆ బయటపడిన చోట్ల గీతలు! తిన్నగా, పొడుగ్గా, అరిగిపోయి, అందంగా.

"నీళ్ళు పోసి కడిగేదా?" అని అడిగింది అక్క.

"అక్కర్లేదక్కా. శాస్త్రానికి నమూనా చాలు."

"ఆ నమూనానైనా కడిగితే ఏం పోతాది?"

"సహజత్వం పోతుంది."

ఇలాంటి మాటలు ఆ రోజుల్లో నాకు ఊరికే వచ్చేవి. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా రావు.

కొలిచాను. ఒక గుంపు గీతలు అడ్డంగా, ఒకదానికొకటి సమానమైన ఎడంతో పోతున్నాయి. ఇంకో గుంపు ఏటవాలుగా వచ్చి, పొడిగించి చూస్తే, అన్నీ ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయి. ఏ పుస్తకంలోనూ ఇలాంటి పగుళ్ళు లేవు. పుస్తకంలో లేనిది కనబడితే తెలివైనవాళ్ళు తమ కళ్ళను అనుమానిస్తారు. నేను పుస్తకాన్ని అనుమానించాను.

"బావా, ఇది మామూలు బండ కాదు. కొండ బరువంతా ఏదో కాలంలో ఈ ఒక్క చోట నొక్కింది. ఇక్కణ్ణుంచి విసనకర్రలాగా పగిలింది."

"ఇక్కణ్ణుంచేనా?" బావ తన కాళ్ళ కిందికి చూసుకుని, పక్కకు జరిగాడు.

"అవును, నేనూ అదే అనుకొంటి," అన్నాడు అంజినప్ప.

ఆ సాయంత్రం ధర్మవరంలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని లెక్క కట్టాను. మా పద్ధతిలో ఒక్కో పగులును గుండ్రటి బిళ్ళగా ఊహించుకుంటాం. గీతల పొడవును బట్టి బిళ్ళ సైజు, దారాన్ని ఎన్ని దాటాయన్నదాన్ని బట్టి బిళ్ళల సంఖ్య. తెర మీద అక్క బండ పెట్టెలాగా వచ్చింది. దాని నిండా ఎర్రటి బిళ్ళలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, కిక్కిరిసి. పెళ్ళికి వేయించిన అప్పడాలు బుట్టలో కుక్కినట్టుంది. పక్కింటి మగ్గాలు టకటకమని మోగుతున్నాయి. నేను గర్వంగా తెరను బావ వైపు తిప్పాను.

బావ చాలాసేపు చూశాడు. "ఈ అప్పడాలన్నీ మన బండలో ఉండాయా?"

"అప్పడాలు కాదు బావా, పగుళ్ళు."

"ఇన్నా?"

"ఇది తక్కువలో తక్కువ."

బావ లేచి కాసిని మంచినీళ్ళు తాగాడు. వచ్చి ఎంతో నెమ్మదిగా, "సుజాతా, ఆ స్థలం అమ్మేద్దాం," అన్నాడు.

అక్క గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. బావ వైపు చూడలేదు. నా వైపే చూసింది. "ఏమే, నీకు నేనేం పాపం చేసినానే? చిన్నప్పుడు నీకు జడలు వేసినాను కదే! నీ లెక్కలు వేసుకునేదానికి నా బండే దొరికిందా? హిందూపురంలో బండల్లేవా? లేపాక్షి పక్క లేవా?"

"నిజం చెప్పడం తప్పా అక్కా?"

"నువ్వు చెప్పింది నిజమని ఎవరు చెప్పినారు?"

"కావాలంటే రా, చూపిస్తాను. నీ కళ్ళతో చూద్దువు గానీ. బండ మొత్తం కడిగి చూపిస్తాను."

చూశారా? కడగొద్దన్న నోటితోనే కడుగుదామన్నాను. మనిషికి శత్రువులు బయట ఎక్కడో ఉండరు. ముక్కు కిందే, రెండు పెదాల నడుమే ఉంటారు.

మర్నాడు ట్యాంకరు తెప్పించింది అక్క. అంజినప్ప పైపు పట్టుకున్నాడు, నేను చీపురు పట్టుకున్నాను. బావ దూరంగా, బండ మీద అడుగు పెట్టకుండా, మట్టి నేల మీద నిలబడ్డాడు. నీళ్ళు పడ్డాయి. మట్టి అట్టలు అట్టలుగా ఊడింది. ఒక్కో గీత బయటికి వచ్చేకొద్దీ నేను పేర్లు చెప్పుకుంటూ పోయాను. "ఇదిగో మొదటి గుంపు! ఇదిగో ఏటవాలు గుంపు! ఇదిగో అవన్నీ కలిసే బిందువు!"

"అవును, నేనూ అదే..." అంటూ అంజినప్ప హఠాత్తుగా ఆగిపోయాడు. ఆయన జీవితంలో ఒక వాక్యం మధ్యలో ఆగడం అదే మొదలనుకుంటాను.

ఎందుకంటే అక్క నవ్వుతోంది. బండ అంచున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతోంది.

"ఏమైంది సుజాతా?" అన్నాడు బావ భయంగా.

"ఏమప్పా, కండ్లు కనపడ్లేదా నీకు? ఈడికి వచ్చి చూడు. పులి-మేక పటం కదా ఇది!"

చూశాను. ఆ క్షణం భూమి పగిలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. కానీ ఆ బండకు పగుళ్ళే లేవు కదా, ఎక్కడ మింగుతుంది? పెద్ద త్రికోణం. కొన నుంచి కిందికి పరుచుకున్న గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు, పులులు కూర్చునే కొన, మేకలు నిలబడే మూలలు. ఏ కాలంలోనో పశువులు కాసేవాళ్ళు ఉలితో చెక్కుకుని ఆడుకున్న ఆట. కొండ బరువు నొక్కిన చోటని నేను చెప్పింది, పులిని పెట్టే చోటు.

"విసనకర్ర లాగా పగిలిందంటివే?" అంది అక్క నవ్వు ఆపుకోలేక. "పులి అరిస్తే పగిలిందేమో లే!"

"నేనూ అదే అనుకొంటి," అన్నాడు అంజినప్ప, ఊపిరి తిరిగి అందుకుని.

బావ మెల్లగా బండ మీదికి వచ్చాడు. త్రికోణం చుట్టూ తిరిగాడు. వంగి నాలుగు రాళ్ళు ఏరుకున్నాడు. జన్మలో ఎన్నడూ ఎవరినీ ఎదిరించి ఎరగని ఆ మనిషి కొన దగ్గర చతికిలబడి, "సుజాతా, రా. నేను పులి," అన్నాడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈపాటికి మనుషుల్లో తలెత్తుకు తిరుగుతుండేదాన్ని. కానీ ఆట మధ్యలో బావ తలెత్తి, "ఐతే పాపా, పగుళ్ళు లేనట్టేనా?" అని అడిగాడు.

తెలివైనదైతే "తెలియదు బావా" అనేది. కానీ అక్క నా వైపు చూస్తోంది. అమ్మేద్దామన్న స్థలం మళ్ళీ నా నాలుక చివర నిలబడి ఉంది. పోగొట్టుకున్న పరువు తిరిగి తెచ్చుకునే అవకాశం కూడా అదే. కడిగిన బండ మొత్తం మోకాళ్ళ మీద పాకి వెతికాను. పటం గీతలు తప్ప ఒక్క వెంట్రుకంత గీత లేదు.

"లేవు బావా! గీత లేదంటే పగులు లేదు. ఒకటే ముద్ద. కళ్ళు మూసుకుని కట్టుకో."

"ఖాయమా?"

"నా చదువు మీద ఒట్టు."

పాపం నా చదువు. దాని మీద అప్పటికి ఎన్ని ఒట్లు పడ్డాయో!

మంచిరోజు చూసి పని మొదలుపెట్టారు. పూజ అయింది. ఇనుప కడ్డీలు నాటడానికి బండలో రంధ్రాలు వేయాలి కాబట్టి కంప్రెసర్ బండి వచ్చింది. అది గాలిని తోస్తూ రాయిని తొలిచే యంత్రం. రాతి పొడి ఆ రంధ్రంలోంచే పైకి చిమ్మాలి. బండ నడుమ డ్రిల్లు పెట్టారు. బావ కొబ్బరికాయ చేతబట్టుకుని, జాగ్రత్త కోసం దూరంగా బండ అంచున నిలబడ్డాడు.

డ్రిల్లు జానెడు దిగింది. అంతే, రంధ్రంలోంచి పొడి రావడం ఆగిపోయింది. యంత్రం మాత్రం మోగుతూనే ఉంది. మరి గాలి ఎటు పోతోంది? అందరం రంధ్రంలోకి తొంగి చూస్తున్నాం. అప్పుడు బండ అంచున, బావ కాళ్ళ కింద, మట్టిలోంచి బుస్సుమని తెల్లటి దుమ్ము లేచింది. పంచె పొంగి గొడుగైపోయింది. బావ కొబ్బరికాయతో సహా గాల్లోకి ఎగిరాడు. ఆ ఎత్తుకు ఎగరగలడని ఆయనకే తెలియదు.

యంత్రం ఆపారు. అంజినప్ప అంచున మట్టి తొలగించాడు. బండ కింద సన్నటి సందు. కాగితం దూరేంత సందు, బండ అడుగునంతా పరుచుకుని పోయింది. పైనున్న జానెడు మందం ఒక పొర, కిందిది వేరే బండ. పెనం మీద దోసెలాగా.

"ఏం పాపా ఇది?" అన్నాడు బావ పంచె దులుపుకుంటూ.

"ఇది... పగులు బావా."

"గీతే లేదంటివే?"

"దీనికి గీత రాదు బావా. నిలువుగా దిగే పగుళ్ళైతే పైభాగాన్ని కోస్తాయి, గీతలుగా కనబడతాయి. ఇది పైభాగానికి సమానంగా, అడుగున పడుకుని ఉంది. ఎక్కడా పైకి రాదు. పైనుంచి చూసేవాళ్ళకు జన్మలో కనబడదు."

"కనపడే దాన్ని నేనే చూసుకుంటా కదా పాపా!" అన్నాడు బావ. కోపం కూడా లేదు ఆయన గొంతులో, ఉత్త ఆవేదన. "కనపడని దాన్ని చెప్పేదానికే కదా నిన్ను అడిగింది!"

నిజానికి మా మాస్టారు ఈ సంగతి క్లాసులో ఒక గంటసేపు చెప్పారట. చదునును చూసి లోతు చెప్పేవాళ్ళు ముందుగా భయపడవలసింది ఆ చదునుకు సమాంతరంగా ఉన్న పగుళ్ళకేనని, అవి లెక్కలో పడవు కాబట్టి వాటి కోసం నిట్టనిలువు ముఖం ఒకటి వెతికి చూడాలని. ఆ గంట నేను ఇదే అక్క ఇంట్లో, ఇదే బావ పక్కన కూర్చుని, నెయ్యి పోసిన ఓళిగలు తింటున్నాను. అంటే పాపంలో వాళ్ళకూ భాగముంది. కానీ ఈ మాట ఆ సమయంలో అనలేదు. అంత మాత్రం తెలివి అప్పటికి వచ్చింది.

మొత్తానికి నా లెక్క ఇట్లా తేలింది. కనబడిన గీతలు పగుళ్ళు కావు, ఉన్న పగులుకు గీత లేదు. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పయ్యే లెక్కలు కొన్ని ఉంటాయంటారు. ఇది ఆ జాతి కాదు.

బావ కొబ్బరికాయ సంచీలో పెట్టుకున్నాడు. "సుజాతా, నేను రైలుకు పోతా. ఈ స్థలం వద్దు, ఇల్లూ వద్దు. అద్దె ఇల్లే మేలు. దాని లోపల ఏముందో మనకు అనవసరం."

అక్క బావకు అడ్డం వెళ్ళి నిలబడింది. "యాడికి పోతావు? మంత్రాలు చదివించి, యంత్రం తెప్పించి, ఇప్పుడు ఇంటికి పోదామా? నేను ఆ మగ్గాల గదిలోకి తలపెట్టి ఇంగెన్నాళ్ళు వంట చెయ్యల్ల?" తరువాత మేస్త్రి వైపు తిరిగింది. "అంజినప్పా, పొర లేస్తాదా?"

"లేస్తాదమ్మా."

"ఐతే లేపు. కింద ఏముందో అందరం కండ్లతో చూద్దాం. శైలా, నువ్వు ఆ పక్క పోయి కూచో."

కూర్చున్నాను. గడ్డపారలు, మేకులు, నలుగురు మనుషులు. పొర ముక్కలు ముక్కలుగా లేచింది, చదునుగా, చేత్తో అద్దినట్టు నున్నగా. కింద గట్టి బండ. అంజినప్ప పక్కనే లోతుగా గుంత తవ్వించి దాని నిలువు ముఖం కూడా చూపించాడు. ఇంకో పొర లేదు. అక్క దిగి, చెయ్యి వేసి చూసి, పైకి వచ్చి, "ఇంగ కట్టు," అంది.

ఇల్లు లేచింది. తూర్పు కిటికీ వచ్చింది. లేపిన పొర వృథా కాలేదు. మెట్లకు, వరండాకు, గడపలకు అదే పరిచారు. బజారులో అంత నున్నటి బండలు దొరకవని చూసినవాళ్ళందరూ అన్నారు. దాంతో బావకు భయం పోయి, అంతకన్నా ప్రమాదకరమైనది పట్టుకుంది: గర్వం. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళకల్లా వరండా చూపించి, "మా మరదలు చదువుకున్న పిల్ల. ఆమె రాకపోతే ఈ పగులు మాకు తెలిసేదా?" అన్నాడు. ఎంత చెప్పినా వినడే! పైగా, "నేనూ అదే అనుకొంటి," అని అంజినప్ప సాక్ష్యం.

ఫలితం మీకు చెప్పాల్సిందే. కొన్నాళ్ళకు పరిగి నుంచి ఒక పెద్దాయన హిందూపురంలో మా అంగడికి వచ్చాడు. "ఏమప్పా, పగుళ్ళ మేడం మీ పాపేనా?" అని నాయనను అడిగాడు. నాయన తక్కెడ వదలకుండా గడ్డంతో నన్ను చూపించాడు.

"అమ్మా, మా చేన్లో ఒక బండ ఉండాది," అన్నాడు ఆయన. "దానికి జానెడు మందంలో ఒక పగులు చెప్పి పెట్టల్ల. ఇంటి ముందర పరుచుకుంటాం."

"పగులు నేను పెట్టేది కాదు పెద్దాయనా. ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు."

"అట్లంటే ఎట్లమ్మా? మీ బావకు చెప్పి పెట్టినావు కదా!" ఆయన ముఖం చిన్నబోయింది. "మేం పరాయోళ్ళమనా?"

కనుక, నాయన సాక్షిగా, ఆ పెద్దాయన సాక్షిగా, అంజినప్ప ఎక్కడున్నా ఆయన "అవును" సాక్షిగా, ఆ రోజు తీసుకున్న ప్రతిజ్ఞను ఇక్కడ మళ్ళీ పలుకుతున్నాను. పైన చూసి లోపలిది చెప్పను. బండదే కాదు, మనిషిదీ, మబ్బుదీ, మూత పెట్టిన గిన్నెదీ సైతం. సంతలో పుచ్చకాయ కొన్నా తట్టి చూడను, కోసి చూపించమంటాను. కోసిన ముక్క ఎర్రగా ఉన్నా సరే, మిగిలిన కాయ గురించి ఒక్క మాట మాట్లాడను.